బుడాన్ తుండుగుడ్డ

గుంటూరు,
ఫిబ్రవరి 3

గౌరవనీయ కస్టమరు షేక్ బుడాన్ గారికి,

పచ్చజెండా ఫైనాన్స్ బ్రాంచి మేనేజరు ప్రసన్నకుమార్ తెలియజేయునది. మా అప్పుతో మీరు కొన్న మినీ ట్రక్కుకు, సీటుబెల్టు పెట్టుకోలేదని నాలుగు చలానాలు పడ్డాయి. మా కంపెనీ పద్ధతి ప్రకారం మీ ఖాతాలో పన్నెండు పాయింట్లు చేర్చి, వడ్డీ పెంచాము. అభ్యంతరాలు ఉత్తరం ద్వారానే తీసుకుంటాము.

మీ క్షేమం కోరే,
ప్రసన్నకుమార్

తా.క. ఈ ఉత్తరం ఖర్చు మీ వాయిదాలో కలిపాము.

సత్తెనపల్లి,
ఫిబ్రవరి 9

మేనేజరు గారికి బుడాన్ సలాములు.

పన్నెండు పాయింట్లు వచ్చాయనగానే మా ఆవిడ నసీమున్నీసా సంతోషించింది. వడ్డీ సంగతి విన్నాక పొయ్యి కట్టేసి కూర్చుంది.

అయ్యా, నేను బెల్టు పెట్టుకునే ఉన్నాను. మిర్చి యార్డుకి టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, తోలేటప్పుడు ఆ ఘాటుకి కళ్లూ ముక్కూ మండిపోతాయి. అందుకని ఇక్కడి డ్రైవర్లం ముఖానికి తుండుగుడ్డ చుట్టి, కొసలు ఛాతీ మీదికి వదులుకుంటాం. బెల్టు దాని కింద ఉంటుంది. కెమెరాకి గుడ్డ కనిపించింది గాని బెల్టు కనిపించలేదు. మీరొకసారి యార్డు దాకా వచ్చి చూడండి.

ఇట్లు,
బెల్టు పెట్టుకున్న బుడాన్

తా.క. ఒక్క వాయిదా ఎగ్గొట్టలేదు. దానికి పాయింట్లు లేవా?

గుంటూరు,
ఫిబ్రవరి 17

బుడాన్ గారికి,

మీ కష్టానికి సానుభూతి తెలుపుతున్నాము. అయితే కంపెనీకి కెమెరా మాటే ప్రమాణం. యార్డుకు వచ్చే తీరిక మాకు లేదు. గుడ్డ తీసేసి నడపండి. నిబంధనలు పాటించేవారికి గుడ్డతో పనిలేదు.

మీ శ్రేయోభిలాషి,
ప్రసన్నకుమార్

తా.క. వాయిదాలు కట్టడం మీ బాధ్యత. దానికి పాయింట్లు ఉండవు.

సత్తెనపల్లి,
మార్చి 4

సార్,

మీ మాట విని గుడ్డ తీశాను. చుట్టుగుంట సిగ్నల్ దగ్గర కళ్లు మండితే చేత్తో తుడుచుకున్నాను. సెల్‌ఫోన్ మాట్లాడుతున్నానని చలానా వచ్చింది. తర్వాతి సిగ్నల్ దగ్గర తుమ్ము మీద తుమ్ము వచ్చి, గీత దాటాక గాని బ్రేకు పడలేదు. దానికింకొకటి.

మీరు మళ్లీ వడ్డీ పెంచారు. నన్ను ప్రమాదకరమైన ఖాతాదారుడని పైకి రాశారట, నా క్రెడిట్ స్కోరు పడిపోయింది. నసీమున్నీసా కుట్టుమిషను అప్పుకి నేను జామీనుంటానంటే బ్యాంకువాళ్లు నవ్వి పంపేశారు. వాళ్ల ముందు తలెత్తుకోలేకపోయాను. పెరిగిన వాయిదాలో సగమే కట్టగలిగాను. ఈ బండి పోతే మాకింకేమీ లేదు సార్. నాకు చాలా కోపంగా ఉంది, ఎవరి మీద పడాలో తెలియడం లేదు.

ఇట్లు,
బుడాన్

తా.క. ఆ రోజు నా ఫోను ఇంట్లోనే ఉంది. నసీమున్నీసా వాళ్ల అక్కతో మాట్లాడుతోంది, కావాలంటే ఆమెకు వేయండి చలానా.

గుంటూరు,
మార్చి 20

బుడాన్ గారికి,

వాయిదా పూర్తిగా కట్టనందున మీ ట్రక్కును స్వాధీనం చేసుకున్నాము. వేలం అయ్యేదాకా అది మా దగ్గర భద్రంగా ఉంటుంది, కాగితాలు మీ పేరునే ఉంటాయి. అన్యథా భావించవద్దు.

మీ,
ప్రసన్నకుమార్

తా.క. సీటు మీద దొరికినవి: తుండుగుడ్డ, ఆకుపచ్చ అంచుది, పాతది, ఒకటి.

సత్తెనపల్లి,
ఏప్రిల్ 2

ప్రసన్నకుమార్ గారికి, బండి లేని బుడాన్ రాసేది.

నిన్న నా పేరున ఇంకో చలానా వచ్చింది. సీటుబెల్టు లేదట. ఫోటోలో నా బండి యార్డు గేటు దగ్గరుంది, వెనక ఎవరివో టిక్కీలు నిండుగా ఉన్నాయి. సీజను కదా, కిరాయి బాగానే వస్తుంటుంది. నడిపే మనిషి ముఖానికి ఆకుపచ్చ అంచు తుండుగుడ్డ చుట్టుకున్నాడు. దాని పైన మెడలో మీ కంపెనీ కార్డు వేలాడుతోంది. మా అమ్మాయి షిరీన్ ఫోన్లో పెద్దది చేసి పేరు చదివింది. మీదే సార్.

మీరు గుడ్డ కింద బెల్టు పెట్టుకునే ఉంటారు. నేను నమ్ముతాను. పాయింట్లు మాత్రం అలవాటు ప్రకారం నా ఖాతాలోనే వేసుకోండి.

ఇట్లు,
షేక్ బుడాన్

తా.క. గుడ్డ మీ దగ్గరే ఉంచండి. నాకిప్పుడు దాంతో పనిలేదు.