చూస్తూ ఊరుకున్న పరీక్ష

అక్కా,
నేను కులాసా. నీ పురిటికి వస్తానన్న మాట నిలబెట్టుకోలేకపోతున్నాను, కోప్పడకు. కంప్యూటర్లు మనుషులకు సులువుగా అర్థమయ్యేలా చేయడమే కదా నా ఎం.ఎస్. చదువు. పాఠాలన్నీ అయ్యాయి. పట్టా చేతికి రావాలంటే, ఆసుపత్రిలో బొమ్మలు నొక్కితే డాక్టరు చీటీ ఇచ్చే కంప్యూటర్ తెర ఒకటి తయారుచేసి, దాన్ని ఎన్నడూ చూడనివాళ్లతో వాడించి, థీసిస్ రాయాలి. వాళ్లు ఎంత తడబడినా మనం నోరు విప్పకూడదు. అది నిబంధన.

కింది వాటాలో ఉండే పెద్దావిడను బతిమాలి మా కాలేజీకి తీసుకెళ్లాను. ఇస్త్రీ బట్టలు కట్టుకుని మరీ వచ్చింది. మొదటి బొమ్మ దగ్గరే ఆగిపోయింది. "ఇక్కడ నొక్కనా అమ్మా?" అని నా మొహంలోకి చూస్తే, నేను కాగితంలోకి చూశాను. చివరికి చెయ్యి వెనక్కి తీసుకుని, "నీ పరీక్ష పాడుచేశాను, నాకు చదువు లేదు కదా" అంటూ వెళ్లిపోయింది. నా థీసిస్ చూసే మేడం మాత్రం, "లోపం బాగా బయటపడింది, తెర మార్చి మళ్లీ పరీక్షించు" అన్నారు. అందుకే ఈ ఆలస్యం.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, "తప్పు మీది కాదండీ, నా తెరది" అన్నాను. "నన్ను ఊరడించడానికి అంటున్నావులే" అని నవ్వేసింది. ఆ రోజునుంచి ఆసుపత్రికి కొడుకు తోడు వస్తే తప్ప వెళ్లడం లేదట. ఆ మాట విన్నప్పటినుంచి నాకేమీ సయించడం లేదు.

బావకు సెలవు దొరికిందా? నా పాత స్వెట్టర్ పంపించు. అమ్మ కొత్త ఫోనుతో తికమకపడితే పక్కన కూర్చుని చూపించు. నాలా చూస్తూ ఊరుకోకు.

అమ్మానాన్నలకు నమస్కారాలు.
నీ చెల్లి