కూడా

మార్చి 3, మధ్యాహ్నం 2
వంద అడుగులు. ఆ పైన ఎడమ పిక్క పట్టేస్తుంది. ఆగాలి. ఎవరైనా చూస్తే షాపుల బోర్డులు చదువుతున్నట్టు నిలబడతాను.

అమ్మాయి ఇవాళ పొద్దున ఆస్పత్రికి లాక్కెళ్లింది. కాల్లో రక్తనాళం మూసుకుపోయిందట. ఆపరేషన్ చేస్తే నడుస్తానట. చేయకపోతే ముందు వేళ్లు పోతాయి, తర్వాత పాదం అన్నాడు సర్జన్. ఆరు వారాలు ఒక్క సిగరెట్టూ ముట్టకుండా వస్తేనే కత్తి పట్టుకుంటానన్నాడు.

రోజుకి పద్నాలుగు. యాభై మూడేళ్లుగా. ఆ లెక్క చెప్పినప్పుడు అమ్మాయి నా వైపు చూడలేదు.

మార్చి 3, సాయంత్రం 6
ఇందాక రాయనిది ఒకటుంది.

సర్జన్ నన్ను కౌన్సెలర్ గదికి పంపాడు. చిన్నపిల్ల. మా అమ్మాయి కంటే పదేళ్లు చిన్న. ఎంతవరకు చదివారు తాతగారూ అంది. ఐదు అన్నాను. ఐదో తరగతేనా అని గట్టిగా అరిచింది, నాకు చెవుడనుకుని. వరండాలో వాళ్లందరికీ వినపడింది. ఆమె సొరుగులో రెండు రకాల పుస్తకాలున్నాయి. ఒకటి సన్నక్షరాలది, ఒకటి బొమ్మలది. నాకు బొమ్మలది ఇచ్చింది. నల్లటి ఊపిరితిత్తి, దాని మీద ఎర్ర ఇంటూ మార్కు, పక్కన ఏడుస్తున్న పాప. ఇదైతే మీకు సులువు తాతగారూ అంది.

తలూపాను.

నేను ముప్పై ఎనిమిదేళ్లు ప్రెస్సులో కంపోజిటర్ని. సీసం అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి, తలకిందులుగా పేర్చి, తలకిందులుగానే చదివినవాణ్ణి. ఆ సంగతి ఆమె అడగలేదు. బల్లకి అవతలి వైపు ఆమె ఏం రాస్తోందో నాకు సినిమా పోస్టరంత స్పష్టంగా కనపడుతోంది. రిమార్కుల గడిలో రాసింది: ‘చదువు తక్కువ. మానడం అనుమానమే.’

నేనేమీ అనలేదు. ఎప్పుడన్నాను గనక.

మార్చి 4
పొద్దున్నుంచి ముట్టలేదు. అనుమానమేనట!

మార్చి 5
అల్లుడి మీద కసిరాను. ఆయన పాపం గుడ్ మార్నింగ్ అన్నాడు, అంతే.

మార్చి 9
కింది వాటా ప్రొఫెసర్ గారు మెట్ల దగ్గరికి పిలిచారు. ఆయన రిటైరై ఏడేళ్లు. రోజూ సాయంత్రం ఇద్దరం అక్కడే కాల్చేవాళ్లం. మానేశానన్నాను. నవ్వారు, దగ్గారు, మళ్లీ నవ్వారు. కంపోజిటరూ, నేను తెలిసి కాలుస్తున్నాను, నువ్వు తెలియక కాలుస్తున్నావు, తెలియనివాడు దేన్ని మానతాడయ్యా అన్నారు. పోయినేడు అదే ఆస్పత్రి వాళ్లు ఆయనకి సన్నక్షరాల పుస్తకం ఇచ్చారట. కాఫీ గ్లాసు కింద పెట్టుకున్నారు. అట్ట మీద నాలుగు గుండ్రటి మరకలు. ఓసారి ఇవ్వమన్నాను. నీకెందుకయ్యా అన్నారు గానీ, ఇచ్చారు.

మార్చి 12
పుస్తకం అయింది. మూడు రోజులు పట్టింది. అచ్చుతప్పులు పదకొండు.

ఇరవై మూడో పేజీలో పట్టిక. అరవై దాటినవాళ్లలో బడి చదువు తక్కువైనవాళ్లే ఎక్కువ కాలుస్తారట, తక్కువ మంది మానతారట. కారణం: అవగాహన లోపం.

పట్టిక అబద్ధం అనను. మా కంపోజింగ్ గదిలో తొమ్మిది మందిమి. ఒక్కడూ హైస్కూలు గడప తొక్కలేదు. తొమ్మిది మందిమీ కాల్చేవాళ్లం. ఎందుకో ఈ పుస్తకం రాసినాయన మమ్మల్ని అడగలేదు. పొద్దున ఎనిమిదికి నిలబడితే సాయంత్రం ఆరు. కాసేపు చతికిలబడితే మేనేజర్ కేకలేసేవాడు. సిగరెట్ పట్టుకుని పెరట్లోకి వెళ్తే మాత్రం ఏమీ అనేవాడు కాదు, ఆయనా కాల్చేవాడు కాబట్టి. వట్టి చేతులతో పెరట్లో కనపడ్డవాడు పనిదొంగ. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. సిగరెట్ మొదలుపెట్టింది నడుము నొప్పికి. మా ప్రూఫ్ రీడర్ బి.ఏ. ఆయనకి కుర్చీ ఉండేది. ఆయన కాల్చేవాడు కాదు.

అవగాహన అందరికీ ఉంది. కుర్చీ ఒక్కరికే ఉంది.

మార్చి 13
నిన్న రాసింది రెండుసార్లు చదువుకున్నాను. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. మాట్లాడనూ లేదు.

మార్చి 19
కాల్చాను. రెండు దమ్ములు.

మార్చి 20
కారణం ఏమీ లేదు. నిన్న వాన పడుతోంది. ప్రొఫెసర్ గారు తన చేతిలోది అందించారు. తీసుకున్నాను. హమ్మయ్య, దారికొచ్చావు అన్నారు. ఆ మాటతో రెండో దమ్ము చేదెక్కింది. తిరిగి ఇచ్చేసి పైకొచ్చాను. మెట్లు ఎక్కుతూ మూడుసార్లు ఆగాను.

మార్చి 23
ఆస్పత్రి. కౌన్సెలర్ ఒక గొట్టంలో ఊదమంది. ఊపిరిలో పొగ ఉంటే ఆ మెషీన్ పట్టేస్తుంది. అంకె చాలా తక్కువ వచ్చింది. వెరీ గుడ్ తాతగారూ అని చప్పట్లు కొట్టింది. నాలుగు రోజుల కిందటి రెండు దమ్ములు మెషీన్‌కి దొరకవు. పుస్తకంలో చదివాను.

చెప్పేశాను.

అమ్మాయి నా మోచెయ్యి గిల్లింది. అయ్యో నాన్నా, నిన్నెవరడిగారు అంది. కౌన్సెలర్ క్యాలెండర్ చూసి, అయితే ఆరు వారాలు మళ్లీ మొదటి నుంచి అంది. మార్చి 20 ఒకటో రోజు.

నోరు మూసుకుని ఉంటే ఆపరేషన్ ముందే అయ్యేది. ఆ రిమార్కు మాత్రం నిజమై కూర్చునేది.

ఏప్రిల్ 2
ఎడమ బొటనవేలు నీలంగా ఉంది. అమ్మాయి చూసి ఏడ్చింది. ఆ రోజు ఊరుకుని ఉంటే ఇంకో రెండు వారాల్లో ఆపరేషన్ కదా, నీ నిజాయితీతో నడుస్తావా నాన్నా అంది. 

ఏప్రిల్ 11
ప్రొఫెసర్ గారు పుస్తకం అడిగారు. తప్పులు దిద్ది ఇచ్చాను. పేజీలు తిరగేసి, ఇదంతా చదివావా అన్నారు. చదివానన్నాను. మీరు? అన్నాను. మొదటిసారి ఆయన్ని ఎదురు అడగడం. నీతో ఇక లాభం లేదయ్యా, పార్టీ మార్చేశావు అన్నారు. సిగరెట్ ఆర్పలేదు గానీ, నాకు దూరంగా రెండో చేతికి మార్చుకున్నారు.

ఏప్రిల్ 26
నలభై అడుగులే. ముట్టలేదు.

మే 1
ఆరు వారాలు నిండాయి. మెషీన్‌లో అంకె ఒకటే వచ్చింది. సర్జన్ సంతకం పెట్టాడు. ఆపరేషన్ ఐదో తేదీ. వేలు దక్కుతుందట.

కౌన్సెలర్‌కి కాళ్లు నేల మీద నిలవలేదు. వరండాలో అతికించడానికి అప్పటికప్పుడు ఒక నోటీసు కొట్టి తెచ్చింది. నా ఫోటో దించి దాని మీద పెడతానంది. పెద్దక్షరాలు: ‘ఐదో తరగతి చదివిన ఈ తాతగారు కూడా మానేశారు. మీరెందుకు మానలేరు?’

ఆమె పెన్ను అందుకుని ‘కూడా’ కొట్టేశాను. అంచున, ప్రూఫు దిద్దేటప్పటిలా, తీసివేత గుర్తు పెట్టాను. ఇదేమిటి తాతగారూ అంది.

చెప్పాను. ఆ మాట ఉంటే నేను మానినవాణ్ణి కాను, వింతని అన్నాను. మొదటి రోజు మీరు గడిలో రాసింది చదివానని, ఆ రెండు వాక్యాలూ అప్పజెప్పాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు. ఆ పిల్ల ముఖం కందిపోయింది. రోజుకి ముప్పై మంది వస్తారు తాతగారూ, చేతికి అలవాటై రాసేస్తాం అంది. చెడ్డపిల్ల కాదు. ఫైలు తీసి ఆ వాక్యాలు కొట్టేసి, పక్కన సంతకం చేసింది. తర్వాత నోటీసు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. కానీ, ‘కూడా’ తీసేస్తే ఇందులో పస ఏముంటుంది తాతగారూ అంది.

అయితే నోటీసే వద్దన్నాను.

బస్సులో అమ్మాయి ముసిముసిగా నవ్వుతూనే ఉంది. అమ్మ ఉంటే నమ్మేది కాదు నాన్నా, నీ నోట్లో ఇన్ని మాటలున్నాయా అంది.

మే 6
కాలు వెచ్చగా ఉంది.

మత్తు దిగేటప్పుడు రెండు వేళ్లు పెదాలకి ఆనించి గట్టిగా పీల్చానట. నర్సు చేసి చూపించి మరీ నవ్వింది.

పీలిస్తే పీల్చాను. వేళ్ల మధ్య ఏమీ లేదు.