లేకపోతే బల్ల మీద కొట్టాలి

3 ఫిబ్రవరి 1986

కంప్యూటర్ వచ్చింది. జనగామలో మొదట మా గర్ల్స్ స్కూల్‌కే ఇచ్చారట. హెడ్మిస్ట్రెస్ లీలావతి గారు దాని మీద మఖ్మల్ గుడ్డ కప్పి తాళంచెవి నా చేతిలో పెట్టారు, లెక్కల టీచర్‌ని కదా. మార్చిలో ఆఫీసర్ వస్తాడు. నడిపి చూపిస్తే నన్ను పర్మనెంట్ చేస్తారు. ఆరేళ్లుగా టెంపరరీని.

ఎవరితోనూ అనలేనిది ఇక్కడ రాస్తాను. నాకు చూపు తగ్గుతోంది. బోర్డు మీద నేను రాసిన లెక్కే నాకు మసకగా ఉంటోంది.

6 ఫిబ్రవరి, సాయంత్రం 5

లాంగ్ బెల్ అయ్యాక స్టాఫ్ రూంలో డామినో ఆడాం. ఉర్దూ టీచర్ సఫియాకు తమ్ముడు ఇక్బాల్ దుబాయి నుంచి తెచ్చిన బిళ్లలు. చివరి బిళ్ల మీద ఎన్ని చుక్కలుంటే అన్ని చుక్కలదే దానికి కలపాలి. మన దగ్గర లేకపోతే బల్ల మీద వేళ్లతో కొట్టి ఊరుకోవాలి. చుక్కలు చిన్న గుంటల్లా ఉంటాయి. బొటనవేలితో తడిమితే చాలు, కళ్లతో పనిలేదు. నేనే గెలిచాను. అరుణక్క మంత్రగత్తె అంది తెలుగు టీచర్ విమల.

11 ఫిబ్రవరి

ఐదు కలపాల్సిన చోట సఫియా తన వంతు రాగానే బల్ల మీద కొట్టింది. ఆమె దగ్గర ఐదు ఉండాలని నా లెక్క. విమల వెళ్లాక ఆమె బిళ్లలు తడిమాను. ఉంది. నన్ను గెలిపిస్తోంది! నిలదీస్తే, నా వేళ్లను ఎన్నాళ్లుగానో గమనిస్తున్నానంది. ఒళ్లు మండింది. నీ జాలి ఎవరికి కావాలని అరిచాను. నాతో ఇంకెప్పుడూ దొంగాట ఆడనని ఒట్టు వేయించుకున్నాను.

19 ఫిబ్రవరి

కంప్యూటర్‌లోనూ డామినో ఉంది. క్యాసెట్ నుంచి లోడ్ కావడానికి పది నిమిషాలు. టీవీలాంటి తెర, నున్నటి గాజు. తడిమితే దుమ్మే. ఆరు అనుకుని నొక్కాను, తప్పని కీచుమంది. నాలుగనుకున్నాను, మళ్లీ కీచు. ఒక్క ఆటా గెలవలేదు. ఏడుపొచ్చింది.

22 ఫిబ్రవరి

మానుకోట పోతున్నానని చెప్పి హన్మకొండలో కంటి డాక్టర్ దగ్గరికి పోయాను. నరం ఎండిపోతోందట. అద్దాలు పనికిరావట.

13 మార్చి

ఆఫీసర్ రేపే. డామినోనే చూపించాలని లీలావతి గారి ముచ్చట. సఫియా వెనక నిలబడి, ఎన్ని చుక్కలుంటే అన్నిసార్లు నా భుజం తడతానంది. సరేనన్నాను. ఒట్టు వేయించిందీ నేనే, సరేనన్నదీ నేనే.

14 మార్చి

మొదట అంతా బాగానే సాగింది. సఫియా తట్టింది, మూడు. నొక్కాను. ఐదు. నొక్కాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆఫీసర్ దగ్గరగా చూస్తానని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు, సఫియాను పక్కకు తప్పుకోమన్నాడు. నా భుజం ఖాళీ అయింది.

కీచు. మళ్లీ కీచు. మిషన్ ఖరాబైందా అని అడిగాడు. అయ్యుంటుందన్నారు లీలావతి గారు. నేను అవునంటే చాలు, గండం గడిచేది. ఎందుకో నా చెయ్యి బల్ల మీదికి పోయింది. రెండుసార్లు కొట్టాను.

"మిషన్ మంచిగనే ఉంది సార్. నాకే కనబడుతలేదు."

15 మార్చి

ఎవరూ ఏమీ అనడం లేదు. అదే భయంగా ఉంది.

2 ఏప్రిల్

అక్షరాలు గీత మీద నిలవడం లేదు. పైనుంచి ఇంకా కబురు లేదు. ఈ పని పోతే నేనెవరిని?

24 ఏప్రిల్

అరుణ చెబుతోంది, నేను రాస్తున్నాను. సఫియాను.

ఆర్డర్ వచ్చింది. సఫియా చదివి వినిపించింది. జూన్‌లో బడి తెరిచాక కూడా నేనే లెక్కల టీచర్‌నట. కంప్యూటర్ మాత్రం వేరేవాళ్లకట. ఎన్నాళ్లకో కడుపు నిండా అన్నం తిన్నాను. సాయంత్రానికి బిళ్లలు తెమ్మన్నాను.

అరుణ చెప్పింది ఇంతే. ఆర్డర్‌ల అట్ల లేదు, తీసేసిన్రు. రేపు చెప్త. సాయంత్రం మాత్రం దొంగాట ఆడను.