ఒక ఫ్రేమ్, మూడు సంచులు

మార్చి 24, ఆదివారం

వీపున మోసుకునే ఫ్రేమ్ వచ్చింది. రెండేళ్లు తమ్ముడు డెస్‌తో వాదించి గెలిచాను. ఒక్కో వేటకు ఒక్కో బ్యాగు కొని షెడ్డంతా నింపుకున్నాడు వెధవ. ఇక ఒకే ఫ్రేమ్, దానికి తగిలించుకునే మూడు సంచులు. ఒక పూట బాతుల వేటకు చిన్నది. జత కోసం దుప్పులు అరిచే ఏప్రిల్‌లో మధ్యది. చలికాలం మంచు కొండల్లో థార్ మేకల కోసం వారం పాటు ఉండేటప్పుడు పెద్దది. హోకిటికాలో ముప్పై ఏళ్లుగా వేటగాళ్ల బ్యాగులు కుడుతున్నదాన్ని, నాకు తెలియదా!

మధ్యదానికీ పెద్దదానికీ విప్పుకునే మూత ఒకటుంది. దాని లోపల ఎర్ర గుడ్డతో జేబు కుట్టి బీకన్ పెట్టాను. మీట నొక్కితే హెలికాప్టర్ వస్తుంది. వేరేగా ఇస్తే వాడు ఇంట్లోనే మర్చిపోతాడు. అక్కా, నువ్వు సర్దితే సంచిలో సంసారమంతా పడుతుంది, నా బిస్కెట్లకే చోటుండదు అని నవ్వాడు.

ఏప్రిల్ 5, శుక్రవారం

డెస్ ఫోన్. పై లోయలో దుప్పులు అరుస్తున్నాయట. రెండు రాత్రులే, పడుకోవడానికి హట్ ఉంది, చిన్న సంచి చాలు కదక్కా అన్నాడు. చాలు, దానికి మూత కూడా అక్కర్లేదు, నాలుగొందల గ్రాములు తగ్గుతుంది అన్నాను. పళ్ల బ్రష్షు పిడి కూడా కోసేశావుగా, ఇక కొయ్యడానికి నా చెవులే మిగిలాయి అన్నాడు.

ఏప్రిల్ 8, సోమవారం, ఉదయం 7

నిన్న సాయంత్రానికి రావాల్సినవాడు రాలేదు. పోలీసులకు చెబుదామని మరదలు నైరీ ఫోన్ చేసింది. కంగారెందుకే, బీకన్ ఉందిగా, కాలు విరిగితే నొక్కేవాడు, నొక్కలేదంటే మాంసం మోసుకుంటూ నింపాదిగా వస్తున్నాడన్నమాట, ఇవాళ ఒక్కరోజు ఆగు అన్నాను. వేట సంగతుల్లో నా మాట ఎవరూ కాదనరు. ఆగింది.

ఏప్రిల్ 9

వాడి షెడ్డులో మేకుకు మూత వేలాడుతోంది. ఎర్ర జేబులో బీకన్.

నేనే కుట్టాను. నేనే అక్కర్లేదన్నాను. నేనే ఆగమన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పోలీస్ స్టేషన్‌కు పరుగెత్తాను. అప్పటికే వాన మొదలైంది. నైరీ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నిన్న ఆకాశం ఎంత బాగుంది వదినా, అని మాత్రం అంది.

ఏప్రిల్ 10

వాన. హెలికాప్టర్ లేవలేదు.

ఏప్రిల్ 11

వాన.

ఏప్రిల్ 14, ఆదివారం

వాడు కొట్టిన దుప్పి దొరికింది, నదికి అవతలి ఒడ్డున. వెనక తొడలు రెండూ లేవు. వీపు మాంసం లేదు, తల లేదు. కోసి కట్టుకుని బయల్దేరాడన్నమాట. మా దగ్గర మాంసం కొండ మీద వదిలేసి వచ్చినవాణ్ణి మనిషిగా చూడరు. డెస్ చచ్చినా వదలడు. ఈ మాట రాసి కొట్టేశాను. మళ్లీ రాశాను.

అంత చిన్న బ్యాగులో అదంతా ఎలా పట్టిందమ్మా అని సార్జెంటు అడిగాడు. సంచిలో కాదు సార్, సంచికీ ఫ్రేముకీ మధ్యన కడతారు, సంచి ఏదైనా ఫ్రేమ్ అరవై కిలోలు మోస్తుంది, అందుకే అది కొన్నాం అన్నాను. ఎంత గర్వంగా చెప్పానో! ఆయన నది వైపు చూశాడు. ఆ బరువుతో వాడు ఆ నీళ్లలోకి దిగాడని నాకు అప్పుడు తట్టింది.

ఏప్రిల్ 19, గుడ్ ఫ్రైడే

వెతకడం ఆపేశారు. సార్జెంటు టోపీ తీసి చెప్పాడు. వెతికినవాళ్లందరికీ నైరీ మాంసం కూరిన పైలు వేడి చేసి పెట్టింది. నాకూ ఒకటి ఇచ్చింది. ఎలా మింగానో తెలియదు.

నా తమ్ముడు లేడు. ఎవరూ నా మొహం మీద అనడం లేదు కాబట్టి నేనే రాసుకుంటున్నాను.

ఏప్రిల్ 27

గ్రేమౌత్ నుంచి ఎవరో ఫోన్. అన్ని వేటలకూ పనికొచ్చే బ్యాగు ఒక్కటి చెప్పు తల్లీ, ఇందులో నిన్ను మించినవాళ్లు లేరట కదా అన్నాడు. లేదు నాయనా, అలాంటిది లేదు అని పెట్టేశాను. తర్వాత కుట్టుమిషన్ మీద తల పెట్టుకుని ఏడ్చాను.

మే 4, హట్

నది తగ్గింది. కొండలోకి వెళ్లేవాళ్లంతా ఎంతమంది, ఎటు అని ఇక్కడి పుస్తకంలో రాయాలి. డెస్ రాసింది ఉంది. దాని కింద వాణ్ణి వెతికినవాళ్ల పేర్లు రెండు పేజీలు.

నా పేరు రాశాను. వెళ్లేవాళ్లు: ఒకరు. తిరిగి వచ్చేవాళ్లు: ఇద్దరు.