వారంలో మూడు కిలోలు

అత్తయ్యగారికి నమస్కారాలు.
ఫోన్లో మాట వినపడటం లేదన్నారు కాబట్టి రాస్తున్నాను. మీ అమ్మాయికి మూడో నెల నిండింది. మన త్రాసుల రిపేరు కొట్టులో బస్తాలు తూచే కాటా మీద ప్రతి ఆదివారం నిలబెట్టి తూస్తున్నాను. యాభై రెండు కిలోల మనిషి యాభైకి దిగింది. కంగారు పడకండి.
మీ అల్లుడు
తా.క.: కాటాలో లోపం లేదు. రెండుసార్లు చూశాను.

అల్లుడుగారికి ఆశీస్సులు.
కంగారు పడకండి అని చదివినప్పటి నుంచే నాకు కంగారు. కడుపుతో ఉన్న పిల్ల తగ్గడమేమిటి? మా వీధి దర్జీ కోడలు ఐదో నెలకే ఎనిమిది కిలోలు పెరిగింది. మీరు దానికి అన్నం పెడుతున్నారా, తూనికరాళ్లు చూపించి సరిపెడుతున్నారా? రెండు కిలోల బాదంపప్పు పంపుతున్నాను.
మీ అత్తయ్య
తా.క.: డబ్బా బరువు తీసేసి తూయండి. పప్పు అమ్మిన కొట్టువాడి మీద నాకు అనుమానం.

అత్తయ్యగారికి నమస్కారాలు.
పప్పు యాభై గ్రాములు తక్కువుంది. డాక్టరమ్మను అడిగాను. మొదట్లో వాంతుల వల్ల కొందరు తగ్గుతారట. తర్వాత వారానికి అరకిలో లోపు పెరిగితే చాలట. ముందునుంచీ బాగా బక్కగా ఉన్నవాళ్లు కాస్త ఎక్కువ పెరగాలి, లావుగా ఉన్నవాళ్లు తక్కువ పెరిగినా ఫరవాలేదు. ఒకరితో ఒకరికి పోటీ పెట్టొద్దంది. దర్జీ కోడలి మాట చెబితే, "కవలలేమో కనుక్కోండి" అంది.
మీ అల్లుడు
తా.క.: తన బరువు ఊరందరికీ రాయొద్దని మీ అమ్మాయి అలిగింది. మీరు ఊరందరూ కాదని నచ్చజెప్పాను.

అల్లుడుగారికి ఆశీస్సులు.
కవలలే. అయినా "బక్కగా ఉన్నవాళ్లు ఎక్కువ పెరగాలి" అన్న ముక్క కింద గీత గీసి ఉంచాను. ఇంకో డబ్బా వస్తోంది.
మీ అత్తయ్య
తా.క.: కొట్టు మార్చాను.

అత్తయ్యగారికి నమస్కారాలు.
ఎనిమిదో నెలలో మీరే గెలిచారు. యాభై తొమ్మిది ఉన్న మనిషి ఒక్క వారంలో అరవై రెండయింది. మొహం నిండుగా ఉంది. ఉంగరం వేలికి బిగుసుకుపోయింది. చెప్పులు పట్టక నావి వేసుకు తిరుగుతోంది. కాస్త తలనొప్పి అంటోంది, అంతే.
మీ అల్లుడు
తా.క.: ఇక పప్పు ఆపండి.

బాబూ,
ఆశీస్సులు తర్వాత. పక్కింటామెతో ఫోన్ చేయిస్తే ఇద్దరూ ఎత్తలేదు. నా కాలికి కట్టు లేకపోతే నేనే వచ్చేదాన్ని. ఈ కాగితం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. వెంటనే దాన్ని ఆస్పత్రికి తీసుకెళ్లి రక్తపోటు చూపించు. అది ఒళ్లు కాదు, నీరు. అది పుట్టకముందు, మొదటి కాన్పులో నాకూ ఇలాగే అయింది. అందరూ ఒళ్లు చేశానని మురిసిపోయారు. ఆ బిడ్డ దక్కలేదు. కాటా వంక చూశావు గానీ, దాని కాళ్ల వంక చూశావా, మొద్దూ?
అత్తయ్య
తా.క.: ఇంకా చదువుతున్నావా? కదులు.

అత్తయ్యగారికి వెయ్యి నమస్కారాలు.
రక్తపోటు నూట డెబ్బై. ఇంకో రోజు ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పింది, నేను రాయలేను. రెండు వారాలు ఆస్పత్రిలోనే ఉంచుకుని, నిన్న పొద్దున కాన్పు చేశారు. ఆడపిల్ల. రెండు కిలోల వంద. తల్లీబిడ్డలిద్దరూ క్షేమం. మీ అమ్మాయి ఆకలేస్తోందని కేకలు పెడుతోంది.
ఒక పొరపాటు జరిగింది. ఆ రోజు కంగారులో రిపోర్టులతో పాటు మీ ఉత్తరం కూడా డాక్టరమ్మకు ఇచ్చేశాను. ఆవిడ దాన్ని బయట గోడకు అంటించింది. భార్యల వెంట వచ్చిన మగవాళ్లంతా అది చదివి, వంగి భార్యల కాళ్లు చూస్తున్నారు. నిన్న ఒకాయన మధ్యలోనే చదవడం ఆపి లోపలికి పరిగెత్తాడు.
తా.క.: అందులో నన్ను తిట్టిన మాటొక్కటీ చెరిపేయమని బతిమాలాను. "అది లేకపోతే మందు పనిచేయదండీ" అంది. ఇప్పుడు నర్సులు నన్ను పిలిచే పేరుతోనే సంతకం చేస్తున్నాను.
మీ మొద్దు