మాడిన జుట్టుకు కలబంద

అక్కా,
పొద్దున ఇంట్లో ఉన్నది అమ్మ, నానమ్మ, నేను, జుట్టు మాడిందని గదిలో అలిగి కూర్చున్న నువ్వు. కలబంద గుజ్జు గిన్నెలో వేసి నీ తలుపు దగ్గర పెట్టాను. మాడిన కొసలకు పట్టించి, కాసేపాగి చన్నీళ్లతో కడుక్కో. ఇస్త్రీపెట్టె జోలికి మళ్లీ వెళ్లకు, నీ జుట్టేమీ నాన్న చొక్కా కాదు. జుట్టంతా కత్తిరించేస్తానన్నావుగా, కత్తెర నా బడి సంచిలో ఉంది. రేపు కొత్త ఉద్యోగానికి వెళ్లనని మొండికేయకు. కొసలు లోపలికి మడిచి జడ నేనే వేస్తాను.

మర్చిపోయాను, గుడ్డు మాత్రం వద్దు. ముందు నా తలకే పట్టించి చూశాను. వేడినీళ్లు పోసేసరికి జుట్టులోనే ఉడికిపోయింది. అది చూపిద్దామనే నీ గదికొచ్చాను. ఫక్కున నవ్వావు. అంతలోనే అలక గుర్తొచ్చి, నా ముఖం మీదే తలుపేశావు.