అక్క మొహం ఆగిపోకుండా

5, సోమవారం

ఈ డైరీ కోడలు ఇచ్చింది. నాకు రాయడమంటే ఉత్తరాలే తెలుసు. అందుకని ముందు అందరి క్షేమం.

మా ఆయన మోకాలు? మెట్లు బాగానే ఎక్కుతున్నారు, దిగేటప్పుడు మాత్రం నన్ను తిడుతున్నారు. అబ్బాయి దగ్గు? తగ్గిందంటాడు, నేను నమ్మను. కోడలికి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు అయిపోయాయి, కళ్ళ కింద నలుపు అలాగే ఉంది. అక్క? ఒంట్లో బాగుంది. నా మీద కోపంగా ఉంది. నేను? బీపీ ఉందేమోనని అనుమానం, చూపించుకుంటే ఉందంటారేమోనని భయం. లాప్‌టాప్? ఏమీ బాగోలేదు.

ఈ లాప్‌టాప్ కోడలు వాడి వాడి నాకిచ్చింది. ప్రతి ఆదివారం అందులోనే అక్కతో మాట్లాడతాను. అక్కకి చెవులు మందగించాయి. ఫోన్‌లో ఒక్క మాట అందదు. పెదాలు కదలడం చూస్తే చాలు, అంతా పట్టేస్తుంది. అంటే ఈ పెట్టె పోతే నాకు అక్క మాట పోయినట్టే.

నిన్న ఏం జరిగిందంటే, అక్క కొత్త పళ్ళ సెట్టు పెట్టించుకుంది. "చూడవే" అని నోరంతా తెరిచింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది! కింది పెదవి ఒక పక్కకి జారిపోయింది. పలకదు, ఉలకదు. "అయ్యో, అక్క నోరు వంకరపోయింది! డాక్టర్ని పిలవండి!" అని అరిచాను.

ఆగిపోయింది నా తెర మీది బొమ్మట, అక్క కాదు; కాసేపటికి మళ్ళీ కదిలింది. అక్క వైపు నేను చక్కగా కనిపిస్తూనే ఉన్నాను. అక్క నా పెదాలు అక్షరం పొల్లుపోకుండా చదివేసింది. పక్కింటావిడని కూడా పిలిచి కూర్చోబెట్టుకుందట, పళ్ళ ముచ్చట చూడమని.

"అంత ఖర్చు పెట్టి కట్టించుకుంటే వంకర అంటావా? వచ్చే ఆదివారం ఇంకొక్కసారి కూర్చుంటా. అప్పుడూ ఇలాగే అయితే ఇక ఆ పెట్టె ముందు నా మొహం చూడవు" అంది.

కాబట్టి నిర్ణయం. ఆదివారం లోపల లాప్‌టాప్ పరిగెత్తాలి. నేనే బాగుచేస్తాను. ఎవరినీ ఇబ్బంది పెట్టను. దేనికీ భయపడను. (ఇది కొంచెం కష్టం.)

6, మంగళవారం

పొద్దున కోడలు చెప్పులు వేసుకుంటూ అడిగింది. "అత్తయ్యా, దాన్ని ఆఖరిసారి ఎప్పుడు ఆపారు?"

"ఆపడమేమిటి? మూత వేస్తున్నాగా."

"మూత వేయడం కాదు. పూర్తిగా ఆపడం."

"ఎప్పుడూ ఆపలేదు! నువ్వు ఇచ్చిన రోజు నుంచీ! ఆపితే మళ్ళీ లేవకపోతే?"

కోడలు నుదురు పట్టుకుంది. "ఒక్కసారి రీస్టార్ట్ చెయ్యండి. ఏం కాదు" అని వెళ్ళిపోయింది.

బట్టలు ఆరేసి వచ్చి కూర్చున్నాను. బాణం గుర్తు ఆ మాట మీద పెట్టాను, తీశాను. పెట్టాను, తీశాను. కళ్ళు మూసుకుని నొక్కాను. తెర నల్లబడింది.

"ఏవండీ! చచ్చిపోయింది!"

మా ఆయన బస్సు డ్రైవరుగా రిటైరయ్యారు. పేపర్ దించకుండానే, "బస్టాండులో ఇంజిను ఆపితే బస్సు చచ్చిపోయినట్టా? కాస్త ఊపిరి పీల్చుకోనీ దాన్ని" అన్నారు.

లేచింది!! ముందుకంటే చురుగ్గా ఉంది!! అక్క ఫొటో అడగ్గానే వచ్చేసింది. ఇంత తేలికా ఈ విద్య? అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను. కూరగాయలావిడకీ చెప్పాను.

7, బుధవారం

మళ్ళీ మొదటికొచ్చింది. చక్రం గిర్రున తిరుగుతోంది.

కింద చెయ్యి పెట్టి చూస్తే కాలిపోతోంది. ఇంత వేడి మీద మనిషైనా ఏం పని చేస్తాడు? ఫ్యాన్ పెట్టాను, తగ్గలేదు. ఆలోచించాను. పాల గిన్నె పక్కకి జరిపి ఫ్రిజ్‌లో పెట్టాను. ఎంతోసేపు కాదు, టీ కాచేటంత సేపు.

మా ఆయన పాల కోసం ఫ్రిజ్ తెరిచి అలాగే నిలబడిపోయారు. "ఏమోయ్, ఇది ఉడికిందా, ఉడకాలా?"

బయటికి తీస్తే ఒళ్ళంతా చెమట పట్టేసింది. తుడిచాను. మళ్ళీ పట్టింది. సాయంత్రం వచ్చి కోడలు దాన్ని విప్పి బోర్లా ఆరబెట్టింది. "అత్తయ్యా, రోగికి ఏమేం చేయకూడదో అన్నీ దీనికి చేస్తున్నారు. రేపటిదాకా ముట్టుకోకండి" అంది.

ముట్టుకోలేదు. దగ్గరకెళ్ళి చూశానంతే. అలా చూడ్డం ముట్టుకోవడం కిందకి రాదు.

8, గురువారం

ఆరింది. లేచింది. హమ్మయ్య!

నేనే బాగుచేస్తానన్నాను, నిజమే. కానీ డాక్టరుకి చూపించడం ఇంకొకరిని ఇబ్బంది పెట్టడం కాదు, వాళ్ళ పనే అది. మా ఆయనని తీసుకుని రిపేరు షాపుకి వెళ్ళాను. అక్కడొక పెద్దావిడ, మెడలో తాడుకి కళ్ళజోడు. లాప్‌టాప్ తెరిచి, ఆగి, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసింది.

"యాంటీవైరస్‌లు నాలుగున్నాయేంటమ్మా?"

"కాపలాకండీ. 'మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది' అని వచ్చినప్పుడల్లా సరే అని నొక్కాను."

"ఒకటి చాలు కదా?"

"వాడు కునుకు తీస్తే?"

ఆవిడ నవ్వలేదు, అందుకే నాకు నచ్చింది. "వీళ్ళు దొంగల్ని వెతకడం లేదమ్మా. నలుగురూ పొద్దస్తమానం ఒకరి జేబులు ఒకరు తడుముకుంటున్నారు. మీ అక్కగారు లోపలికి రావాలంటే దారేదీ?"

"నలుగురు కండక్టర్లు ఎక్కారన్నమాట, ఇక ప్రయాణికుడికి చోటేది?" అన్నారు మా ఆయన. ఆవిడ దానికి నవ్వింది.

ఇంకో సంగతి బయటపడింది. ఒక్కో ఫొటో మూడేసి చోట్ల ఉంది. ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది, అదీ పోతే ఇంకోటి ఉంటుందని నేనే దాచాను. లోపల కాలు పెట్టే చోటు లేదట. ఆవిడ అన్నిటినీ వేలెడంత పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చింది. ముగ్గురు కాపలావాళ్ళని పంపించేసింది. "ఒకటికి మించి ఉన్న ఫొటోలు ఇంటికెళ్ళి డిలీట్ చెయ్యండి. ఎర్ర కిటికీ ఏది వచ్చినా నొక్కకండి. ఆదివారం మీ అక్కగారు గలగలా మాట్లాడతారు" అంది.

నొక్కను! ఒట్టు!

9, శుక్రవారం

డిలీట్ మొదలు. అక్క గేటు దగ్గర నిలబడ్డ ఫొటో, కళ్ళు మూసుకుంది. మూడున్నాయి, ఒకటి తీసేస్తే ఏం? నొక్కాను.

"నిజంగా తీసేయమంటారా?" అని అడిగింది.

అంత తెలివైన యంత్రానికే అనుమానం వస్తే నేనెవరిని అవునని చెప్పడానికి?

టీ తాగాను. మళ్ళీ వచ్చాను. అవును అన్నాను. పోయింది. ఉండబట్టలేక చెత్తబుట్టలోకి వెళ్ళి వెనక్కి తెచ్చుకున్నాను.

తర్వాత నా బొటనవేలు ఫొటో. ఎందుకు తీశానో తెలియదు, తెరంతా వేలే. దీనికి ఏడ్చేవాళ్ళెవరు? తీసేశాను. ధైర్యంగా. కానీ ఆ వేలు వెనకాల ఒక మూల నల్లగా ఉన్నది అక్క భుజమేమో అనిపించింది. వెనక్కి తెచ్చాను.

"ఎన్ని తీశావ్?" అన్నారు మా ఆయన.

"పని జరుగుతోంది."

"దిగినవాళ్ళందర్నీ వెనక తలుపులోంచి మళ్ళీ ఎక్కించుకుంటున్నావు కదూ?"

ఈయనకి అన్నీ ఎలా తెలుస్తాయి?

10, శనివారం

ఈ రోజు సంగతి రాయాలని లేదు.

ఎర్ర కిటికీ వచ్చింది. మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది. నొక్కలేదు. లేచి మొక్కలకి నీళ్ళు పోశాను. వచ్చి చూస్తే అలాగే ఉంది. లోపల ఒక్కడే కాపలా. రేపే అక్క వచ్చేది. సరిగ్గా రేపే దొంగ వస్తే?

నొక్కాను.

వచ్చినవాడు ఇంకొకడిని వెంటబెట్టుకొచ్చాడు.

అసలు భయం ఆ తర్వాత పట్టుకుంది. పెన్‌డ్రైవ్ చూస్తే ఇంతే ఉంది, చీపురుకి చిక్కితే చెత్తలోకే. అందులోవన్నీ జాగ్రత్తగా తెచ్చి లాప్‌టాప్‌లో పెట్టేశాను. ఇప్పుడు ఒక్కో ఫొటో నాలుగేసి చోట్ల ఉంది.

కోడలికి చెప్పలేదు. తను అడగలేదు కూడా. అడిగితే చెప్పేదాన్నే.

11, ఆదివారం

పెందరాళే స్నానం చేసి, జుట్టు దువ్వుకుని కూర్చున్నాను. ఆయన పక్క గదిలో. చక్రం తిరిగింది, తిరిగింది. వచ్చింది అక్క! పళ్ళు మెరిసిపోతున్నాయి. "కనిపిస్తున్నానా?" అంది. అంటూ అంటూ ఆగిపోయింది. ఈసారి కళ్ళు మూసుకుని, తల పక్కకి వాల్చి.

నాకు తెలుసు, అది బొమ్మ. అరవకూడదు. నా పెదాలు అక్కకి కనిపిస్తాయి. మొహంలో ఏమీ కనపడకూడదు. ఊపిరి బిగబట్టాను. రెప్ప వేయలేదు. బొమ్మ కదిలేదాకా ఇలాగే ఉంటానని గట్టిగా అనుకున్నాను.

పక్క గదిలో ఆయన ఫోన్ మోగింది. అక్క గొంతు నాకిక్కడికి వినపడింది.

"మరిదిగారూ! పరిగెత్తండి! చెల్లి గుడ్లు తేలేసింది! కదలడం లేదు! ఊపిరుందో లేదో చూడండి!"

ఆయన వచ్చి నన్ను చూసి, "ఉందమ్మా, బిగబట్టింది!" అన్నారు.

"ఆఁ? పోయిందా?"

"పోలేదు! ఉంది!"

"ఎప్పుడు పోయింది!?"

అక్కకి ఫోన్ వినపడదు కదా. ఆయన ఎంత గట్టిగా అరిస్తే అక్క అంత గట్టిగా ఏడ్చింది. చివరికి పెద్ద అక్షరాలతో మెసేజ్ కొట్టారు: బతికే ఉంది. మీ కోసం బొమ్మలా కూర్చుంది.

చాలాసేపు జవాబు లేదు. నేను టేబుల్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. పోయింది, ఇక ఆదివారాలు లేవు అనుకున్నాను.

12, సోమవారం

తెల్లవారేసరికి అక్క మెసేజ్. కోడలు చదివి వినిపించింది.

"ఒసేయ్, నిన్న నా ప్రాణం నా దగ్గర లేదు. పోయిన వారం నా నోరు చూసి నువ్వెందుకు అరిచావో నిన్న తెలిసింది. నేనయితే నీకంటే గట్టిగా అరిచాను, ముగ్గురు పక్కిళ్ళవాళ్ళు వచ్చారు. ఆ పెట్టెని నమ్ముకుంటే ఇద్దరం ఒకే ఆదివారం పోతాం. నేనే వస్తాను. ఫొటోలు తీసేస్తున్నావని మరిదిగారు రాశారు. నేను లేకుండా ఒక్కటి కూడా తీసేయకు. నీ సంగతి నాకు తెలుసు, నేను బాగున్నవి తీసేసి నువ్వు బాగున్నవి ఉంచుతావు."

ఎంత మాట! నేనా? అయినా రెండుసార్లు చదివించుకున్నాను.

మొన్న వచ్చిన ఇద్దరు కాపలావాళ్ళ సంగతి కోడలికి చెప్పేశాను. తన చేత్తోనే పంపించేసింది.

కాబట్టి కొత్త నిర్ణయం. ఈ రోజు నుంచే. ఎర్ర కిటికీ ముట్టుకోను. రోజూ రాత్రి లాప్‌టాప్ పూర్తిగా ఆపుతాను. అక్క వచ్చి వెళ్ళాక మళ్ళీ ఆదివారాలు ఉంటాయి కదా, అప్పటికి అది పరిగెత్తాలి. ఫొటోలు ఇద్దరం పక్కపక్కన కూర్చుని తీసేస్తాం. అది అడిగితే అక్కే చెబుతుంది, నిజంగా తీసేయమని.

అక్క ఎక్కే బస్సు డ్రైవరు మంచివాడేనా? ఆయన కనుక్కుంటానన్నారు. టికెట్టు కొనేసిందట. ఇరవై రెండో తేదీ, గురువారం, పొద్దున బస్సు.